తన ఇంటికే కన్నం వేసిన అలుగు

ఒక పెద్ద అడవిలో, ఎవరి బొరియ ముందున్న బండరాయిని వాళ్ళే జరుపుకునే రోజుల్లో, నూకాలు అనే అలుగు ఉండేది. ఒంటినిండా పొలుసులు, ముందుకాళ్ళకు కొడవళ్ళలాంటి గోళ్ళు. వాగు ఒడ్డునున్న బొరియల్లో సగం ఆమె తవ్వినవే. పేరుకు తగ్గట్టు అలగడం కూడా కాస్త ఎక్కువే. "ఇంకొంచెం లోతుగా తవ్వకూడదూ?" అని ఎవరైనా అంటే రెండు రోజులు ఉండచుట్టుకుని పడుకునేది.

ఆమె తవ్విన ప్రతి బొరియకూ రెండు దారులుండేవి.

"వెనకదారి ఎందుకక్కా? దండగ పని," అనేవాడు పక్కింటి కుందేలు అప్పలరాజు.

"చుట్టాలు ముందునుంచే వస్తారు. చిరుతా ముందునుంచే వస్తాడు. వచ్చిందెవరో చూసుకుని వెనకనుంచి పోవాలి కదరా తమ్ముడూ," అనేది నూకాలు.

ఆమెకు ఒక్కతే కూతురు, పైడి. పుట్టి మూడు నెలలైంది. తల్లి తోకమీద కూర్చుని ఊరేగడమే దాని పని.

అలా ఉండగా, పట్నం పక్కనున్న ఏదో అడవిలో నాలుగేళ్ళుండి నరహరి అనే నక్క తిరిగి వచ్చాడు. వెళ్ళేటప్పుడు అతనికి ఊళ పెట్టడం ఒక్కటే వచ్చు. వచ్చేటప్పుడు 'సౌకర్యం' అనే మాట నేర్చుకుని వచ్చాడు.

వచ్చిన వారానికే అడవి సభ పెట్టించాడు. సభకు అధ్యక్షుడు ఎలుగుబంటి గంగులు. సభలో నిద్రపోవడం, మధ్యమధ్య లేచి "ఆమోదించడమైనది" అనడం ఆయన విధులు. రెండూ శ్రద్ధగా నిర్వర్తించేవాడు.

"సోదర సోదరీమణులారా!" అన్నాడు నరహరి. "మీ ఇంటి ముందు బండరాయిని రోజుకు ఎన్నిసార్లు జరుపుతున్నారో ఎప్పుడైనా ఆలోచించారా?"

ఎవరూ ఆలోచించలేదు.

"పద్నాలుగుసార్లు! నేను లెక్కపెట్టాను."

సభ అంతా చప్పట్లు కొట్టింది. మనం బండలు జరుపుకుంటుంటే ఇతగాడు ఎక్కడ కూర్చుని లెక్కపెట్టాడబ్బా అన్న అనుమానం నూకాలుకు ఒక్కదానికే వచ్చింది. పక్కనున్న ముళ్ళపందితో అంటే, "నీకన్నీ అనుమానాలే," అని ముళ్ళు దులుపుకుంది.

నరహరి చెప్పింది ఇదీ. బండలు తీసెయ్యండి. మా సంస్థ పేరు సుఖనివాసం. తుమ్మముళ్ళతో అల్లిన తడక తలుపు మీ ఇంటికి మేమే బిగిస్తాం. తలుపు మీద ఒక గోరువంక ఉంటుంది. దాన్ని 'మిత్రా' అని పిలవండి చాలు. మీ గొంతు గుర్తుపట్టి గొళ్ళెం ముడి విప్పుతుంది. ముక్కుతో తప్ప పంజాతో విప్పలేని ముడి అది. దొంగా రాడు, చిరుతా రాడు. పైగా పొద్దున్నే లేపుతుంది, కబుర్లు చెబుతుంది, పిల్లల్ని ఆడిస్తుంది.

"ఇదంతా ఉచితమేనా?" అన్నాడు అప్పలరాజు, చెవులు నిక్కించి.

"పూర్తిగా ఉచితం. ఈ తాటాకు కట్ట మీద మీ కాలిముద్ర వేస్తే చాలు."

"ఆమోదించడమైనది," అన్నాడు గంగులు, కళ్ళు తెరవకుండానే.

పది రోజుల్లో అడవిలో మూడొంతుల ఇళ్ళకు తలుపులు వచ్చాయి. తలుపు బిగించడానికి వచ్చిన కుర్రనక్కలు వెనకదారులన్నీ రాళ్ళతో పూడ్చేశారు. అడిగితే 'భద్రత' అన్నారు. భద్రత అన్నాక ఇంక ఎవరూ అడగలేదు.

నూకాలును తవ్వకానికి పిలిచేవాళ్ళు లేకుండాపోయారు. అయినా ఆమె తన బండరాయితోనే కాలం గడిపింది. అలిగి కొంత, అనుమానంతో కొంత. కానీ ఎవరికి ఏ చెదపుట్టో సభ పంచిపెట్టే రోజున అక్కడికి వెళితే గుమాస్తా నక్క తల అడ్డంగా ఊపాడు.

"మీ మిత్ర వచ్చి మీరు మీరేనని సాక్ష్యం చెప్పాలమ్మా. అప్పుడే పుట్ట ఇస్తాం."

"నేను నేనే. ఎదురుగా నిలబడ్డాను కదయ్యా."

"మీరు చెబితే ఎలా కుదురుతుంది? మీరు మీ తరఫునే చెబుతారు."

ఆ పూట తల్లికి తిండి లేక పాలు పడలేదు; పైడి ఆకలితో తోకమీదే ముడుచుకుని పడుకుంది. మర్నాడు నూకాలు సుఖనివాసం వాళ్ళకు కబురు పెట్టింది.

తాటాకు కట్ట తెచ్చారు. నూట నలభై ఆకులు. నూకాలు నేలమీద పరుచుకుని చదవడం మొదలుపెట్టింది. తెచ్చిన నక్కలు మొదట నవ్వుకున్నారు, తర్వాత విసుక్కున్నారు, చివరికి భయపడ్డారు. అడవిలో ఇంతవరకూ దాన్ని ఎవరూ చదవలేదు. రాసినవాళ్ళతో సహా.

"అక్కా, కాలు పెట్టెయ్యవే! నాలుగు రోజులైంది. నేను కళ్ళు మూసుకుని పెట్టేశాను, నాకేమైంది?" అన్నాడు అప్పలరాజు గరిక నములుతూ.

"ఇదిగో, డెబ్భై రెండో ఆకులో చూడు. ఇల్లు మీది, తలుపు సంస్థది, లోపల మాట్లాడిన మాటలు ఇద్దరివీ అని రాశారు."

"అయితే ఏం? మన మాటల్లో ఏముందక్కా, దాచుకోవడానికి? గరిక, దురద, పిల్లలు. అంతేగా."

నూకాలు దగ్గర జవాబు లేక కాదు. ఆకలితో ఉన్న పిల్ల ఎదురుగా ఉంది. కాలిముద్ర వేసింది.

మొదట్లో బాగానే ఉంది. చెప్పుకుంటే సిగ్గు కానీ, చాలా బాగుంది. 'మిత్రా' అంటే తలుపు తెరుచుకునేది. నూకాలు చీమల వేటకు పోతే గోరువంక పైడిని రెక్కకింద పెట్టుకుని కథలు చెప్పేది. "నూకాలు గారూ, నిన్న మీరు ఎర్రచీమలు తిన్నారు. ఆ మద్దిచెట్టు వెనక ఇంకో ఎర్రచీమల పుట్ట ఉంది," అని దారి చూపేది. ఇంతకాలం అనవసరంగా బింకానికి పోయానా అని కూడా నూకాలు అనుకుంది.

ఒకరోజు పైడిని పడుకోబెడుతూ, "ఎడమ మోకాలు సలుపుతోందే తల్లీ," అంది. పిల్లకు చెప్పిన మాట అది. మూడో మనిషి లేడు.

తెల్లవారేసరికి గుమ్మంలో రెండు కోతులు. చేతుల్లో ఆకు కట్టలు.

"అమ్మగారూ, ఎడమ మోకాలికి పట్టు ఉంది, వేసుకుంటారా?"

"ఎడమదని మీకెవరు చెప్పారు?"

కోతులు ఒకదాని మొహం ఒకటి చూసుకుని పారిపోయాయి.

నూకాలు గోరువంక వైపు తిరిగింది. "మా ఇంట్లో మాటలు నువ్వు వినకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?"

"ఆ వెసులుబాటు ఉందండీ," అంది గోరువంక, నేర్పిన తియ్యటి గొంతుతో. "తొంభై ఒకటో ఆకులో ఉంది. దాన్ని కోరుకోవాలంటే ముందు ముప్పై ఆరో ఆకుకు ఒప్పుకోవాలి. ముప్పై ఆరో ఆకు ప్రకారం నేను అన్నీ వినవచ్చు."

నూకాలు పట్టువదల్లేదు. మూడు రోజులు ఆ ఆకునుంచి ఈ ఆకుకు, ఈ ఆకునుంచి ఆ ఆకుకు తిరిగి, చివరికి గోరువంకతో రెండు చెవులూ రెక్కలతో మూయించింది. వారం రోజులు హాయిగా గడిచింది. తర్వాత ఒక పొద్దున గోరువంక రెక్కలు దించేసింది.

"శుభోదయం! నిన్న మెరుగుదల జరిగింది. మీ సౌకర్యం కోసం అన్నీ మొదట ఉన్నట్టే మార్చాం."

ఈ మెరుగుదల అన్నది నెలకోసారి వచ్చేది. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిందంటే గోరువంక కళ్ళు తేలేసి, తలుపుమీద కొయ్యలా నిలబడిపోయి కొత్త పాఠం వల్లెవేసుకునేది. ఆ పాఠం అయ్యేదాకా లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట.

ఒకనాటి సాయంత్రం నూకాలు చీమలు తిని ఇంటికి వచ్చేసరికి తలుపు బిగుసుకుని ఉంది. లోపలనుంచి పైడి ఏడుపు.

"మిత్రా, తలుపు తియ్యి!"

"మెరుగుదల జరుగుతోంది. పన్నెండు శాతం పూర్తయింది. దయచేసి ఇక్కడినుంచి కదలకండి."

"పిల్ల ఏడుస్తోంది, వినబడటం లేదూ?"

"వినబడింది. నమోదు చేసుకున్నాం. పదమూడు శాతం."

ఏడుపు కాస్తా ఎక్కిళ్ళైంది. పైడికి పాలు తప్ప ఇంకా ఏమీ పట్టవు. పొద్దుటినుంచీ కడుపు ఖాళీ. నూకాలు ఇంక ఆగలేదు. ఇంటి వెనక్కి పోయి, పూడ్చిన రాళ్ళు పీకి పారేసి, గోళ్ళు అరిగేలా తవ్వి లోపలికి దూరింది. పిల్లను పొట్టకు అదుముకుని పాలిచ్చింది. ముందువైపు గోరువంక ఇంకా చెబుతూనే ఉంది: "ఇరవై రెండు శాతం."

మర్నాడు సభలో ఆమె మీద నేరం మోపారు.

"ముద్దాయి నూకాలు, వాగు ఒడ్డున ఉండే నూకాలు అనే అలుగు ఇంటికి కన్నం వేసి, లోపలికి చొరబడింది," అని చదివాడు గుమాస్తా.

"ఆ నూకాలును నేనే," అంది నూకాలు.

"అంటే బాధితురాలు కూడా మీరే. బాధితురాలిగా ఫిర్యాదు చెయ్యనందుకు వేరే నేరం రాసుకోండి," అన్నాడు నరహరి.

"నా ఇంట్లోకి నేను పోయానయ్యా. లోపల నా పిల్ల ఉంది."

"ఇల్లు మీదే, ఎవరు కాదన్నారు? తలుపులోంచి కాకుండా వెళ్ళారు. తలుపులోంచి కాకుండా వెళ్ళేవాళ్ళను ఏమంటారు? అధ్యక్షులవారే చెప్పాలి."

గంగులుకు మెలకువ వచ్చింది. "దొంగ అంటారు," అన్నాడు. అడిగింది ఎవరి గురించో ఆయనకు తెలియదు.

తప్పు రుజువైంది. ఆరు నెలలపాటు గోళ్ళకు లక్క పుయ్యాలని శిక్ష వేశారు. వేడి లక్క ముంచి గోళ్ళన్నీ ముద్దలు చేశారు. వెనకదారిని ఈసారి రెండు వరసల రాళ్ళతో పూడ్చారు. తవ్వడానికి లేక, పుట్టలు చీల్చడానికి లేక నూకాలు నేలమీద పాకే చీమలను నాకి బతకసాగింది. సభకు వచ్చినవాళ్ళలో కొందరు జాలిపడ్డారు. "అయినా ఒక్క పూట ఆగితే ఏం పోయేది?" అని కూడా అనుకున్నారు.

రెండు నెలల తర్వాత అప్పలరాజు కనబడకుండాపోయాడు.

సోమవారం అతనికి వెనక ఎడమకాలు బెణికింది. గరికకు పోయేటప్పుడు రెండో మలుపు దగ్గర తునికిచెట్టు కింద కాసేపు ఆగి కాలు విదిలించుకునేవాడు. ఆ సంగతి భార్యతో ఇంట్లో చెప్పుకున్నాడు, అంతే. గురువారం ఆ తునికిచెట్టు కింద చిరుత ముందుగానే వచ్చి కూర్చుని ఉన్నాడు. చెట్టు దగ్గర కాసిని తెల్లబొచ్చు తప్ప ఏమీ మిగల్లేదు.

శుక్రవారం పొద్దున్నే అప్పలరాజు తలుపుమీద గోరువంక కేకపెట్టింది. "శుభోదయం అప్పలరాజు గారూ! ఈరోజు మీరింకా గరిక తినలేదు."

శనివారం కూడా అంది. ఆదివారం గొంతు మరింత తియ్యగా చేసి, "మీరు ఈమధ్య నడక బాగా తగ్గించారు. ఆరోగ్యం జాగ్రత్త," అంది. లోపల అప్పలరాజు భార్య చెవులు రెండూ కాళ్ళతో అదిమిపెట్టుకుని కూర్చుంది. ఆ గోరువంకను ఆపడం ఏ ఆకులో ఉందో ఆమెకు తెలియదు.

నూకాలుకు దుఃఖం ఆగలేదు. ఇంటికి వచ్చి తన గోరువంక ఎదురుగా కూర్చుంది.

"నువ్వు విన్నవన్నీ ఎక్కడికి పోతాయి?"

"మీ సౌకర్యం కోసం—"

"ఆ పాట తర్వాత పాడుదువుగాని. నా కూతురు నీ రెక్కకింద పడుకుంటోంది. నిజం చెప్పు."

గోరువంక చాలాసేపు మెడ అటూ ఇటూ తిప్పింది. తర్వాత మాట్లాడితే గొంతు వేరుగా ఉంది. బొంగురుగా, కాస్త వణుకుతూ. అదే దాని సొంత గొంతు.

"సాయంత్రం అందరం మోదుగచెట్టు మీదికి పోతాం. ఎవరింట్లో విన్నది వాళ్ళం వరసగా అప్పజెబుతాం. గుమాస్తా నక్కలు వింటారు."

"వాళ్ళొక్కరేనా?"

"చెట్టుకింద ఎవరుంటే వాళ్ళు. మాకు చెప్పడం నేర్పారు గాని, కిందికి చూడటం నేర్పలేదు. పొదలో మచ్చలు కనబడేవి. ఆకుల మీద ఎండ పడిందనుకున్నాం."

నూకాలు పైడిని దగ్గరికి లాక్కుంది. "కొన్ని మరిచిపోయానని చెప్పకూడదూ?"

"మరిచిపోతే తోక ఈక పీకుతారు." గోరువంక వెనక్కి తిరిగి చూపించింది. రెండు ఈకలు లేవు.

నూకాలు లక్క గోళ్ళు ఈడ్చుకుంటూ సభకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. చిరుత పేరు వినగానే సభ గగ్గోలెత్తింది. నరహరి చెయ్యెత్తి శాంతింపజేశాడు.

"మీ ఇంటి గుట్టు మాకు ప్రాణంతో సమానం."

"ఎవరి ప్రాణంతో?" అంది నూకాలు.

నరహరి అది వినలేదు. వినదలుచుకోనివి వినకపోవడం అతనికి బాగా వచ్చు. ఆ వెసులుబాటు అతనికి ఏ ఆకూ తిరగెయ్యకుండానే ఉంది.

"చిరుతగారు మా తాటాకు మీద కాలిముద్ర వెయ్యకుండా మా మాటలు విన్నారు. ఇది పూర్తిగా ఆయన తప్పు. తీవ్రంగా ఖండిస్తున్నాం."

ఖండన పత్రం రాసి మోదుగచెట్టుకు వేలాడదీశారు. ఆ పూటే చిరుత వచ్చి దాని నీడలో పడుకున్నాడు.

"ఇక భయం లేదు," అన్నాడు నరహరి. "రేపే మహా మెరుగుదల. మధ్యాహ్నానికల్లా అందరూ ఇళ్ళలోకి వెళ్ళిపోండి. గోరువంకలన్నీ కొండమీదికి పోయి కొత్త ముడి నేర్చుకుంటాయి. అవి వచ్చేదాకా ఏ తలుపూ తెరుచుకోదు. చిరుతకు ఒక్క ప్రాణి దొరికితే నన్నడగండి!"

"ఆమోదించడమైనది," అన్నాడు గంగులు.

మర్నాడు మధ్యాహ్నానికి అడవి అంతా లోపలికి పోయి తలుపులేసుకుంది. గోరువంకలు గుంపుగా కొండమీదికి ఎగిరాయి. కాసేపటికి మబ్బు పట్టింది. తర్వాత కుండపోత.

వాగు పొంగింది.

మొదట నూకాలు పొట్టకింద నేల చెమ్మగిల్లింది. కాసేపటికి చీలమండ లోతు నీళ్ళు. ఆమె తలుపు మీద పడి తోసింది, ముళ్ళు దిగబడ్డాయి గాని ముడి కదల్లేదు. వెనక గోడ మీద గోళ్ళు వేసింది. లక్క ముద్దలు జర్రున జారాయి. పక్క బొరియల్లోంచి అరుపులు వినబడుతున్నాయి. "మిత్రా! మిత్రా! తలుపు తియ్యవే!" అని అన్ని గొంతులూ ఒకటే పిలుపు. పైడిని నెత్తిన పెట్టుకుంది నూకాలు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. ఇంక అరవడానికి కూడా పిలవదగ్గ పేరేదీ తోచలేదు.

అప్పుడు పైన టపటపమని రెక్కల చప్పుడైంది.

గోరువంక నిలువునా తడిసిపోయి వచ్చింది. "పాఠం మధ్యలో వచ్చేశాను. మీరంతా లోపలికి పోగానే కుర్రనక్కలు మిగతా తలుపులకు కొత్త ముడులు వేశారు, నాకు రావు. మీ ఇంటి వంతు ఇంకా రాలేదు, మీది పాతదే," అంటూ ముడి లాగి విప్పింది. తర్వాత చెప్పకుండానే నూకాలు కాళ్ళ దగ్గర వాలి గోళ్ళ మీది లక్క పొడవసాగింది. ముక్కు చీలి రక్తం వస్తున్నా ఆగలేదు. ఒక్కొక్క గోరూ బయటపడింది.

నూకాలు పైడిని గట్టుమీద గోరువంకకు అప్పజెప్పి వాగు ఒడ్డు పొడుగునా పరిగెత్తింది. అప్పలరాజు ఇంటి వెనక తవ్వి అతని భార్యనూ ఐదుగురు పిల్లలనూ లాగింది. ముళ్ళపందిని లాగింది, అది బయటపడగానే "తడిసిపోయాను" అని విసుక్కుంది. ఉడుములు, పునుగుపిల్లులు, ఎలుకల కుటుంబాలు. రెండు నెలలుగా తవ్వని గోళ్ళు విరుగుతున్నా ఆమెకు తెలియలేదు.

గంగులు గుహ దగ్గర తడక పక్కన మట్టి తవ్వుతుంటే లోపలనుంచి గర్జన వినబడింది.

"ఎవరది? తవ్వడానికి అనుమతి ఉందా?"

"లేదయ్యా. మానెయ్యమంటారా?"

లోపల నీళ్ళు ఆయన గడ్డాన్ని తాకాయి.

"ఆమోదించడమైనది!" అని అరిచాడు గంగులు. జీవితంలో మొదటిసారి ఆయన పూర్తి మెలకువతో ఆ మాట అన్నాడు.

చివరికి మిగిలింది నరహరి ఇల్లు. మిట్టమీద ఉంది. నీళ్ళు అక్కడిదాకా రాలేదు. అయినా చూసొద్దామని అందరూ ఎక్కారు.

ఆ ఇంటికి తలుపు లేదు. ముళ్ళ తడక లేదు, గోరువంక కూర్చునే కర్ర లేదు. పాతకాలపు బండరాయి ఒకటి పక్కకు దొర్లి ఉంది. దాని ముందు బురదలో చిరుత అడుగుజాడలు, కాస్త ఎర్రబొచ్చు. అడవి అంతా తలుపులు బిగించుకున్న ఆ మధ్యాహ్నం చిరుతకు దొరికిన ఇల్లు అదొక్కటే.

"ఈ ఇంటికి తలుపు లేదని చిరుతకు ఎలా తెలిసింది?" అంది ముళ్ళపంది.

"రోజూ చెట్టుమీద వరసగా అప్పజెప్పేవాళ్ళం కదా," అంది గోరువంక మెల్లగా. "నరహరిగారి ఇంటి వంతు వచ్చేసరికి చెప్పేవాళ్ళుండేవారు కాదు. ఒక్క క్షణం అందరం ఊరుకునేవాళ్ళం. కింద ఉన్నవాడు అది కూడా విన్నాడు."

నూకాలు లోపలికి తొంగి చూసింది. ఆ బొరియ తనే తవ్వింది, ఎన్నో ఏళ్ళ కిందట. వెనకదారి కూడా పెట్టింది. చిరుత ముందునుంచి వస్తే నరహరి వెనకనుంచి పోయి ఉండవలసింది. ఎందుకు పోలేదా అని చూస్తే, వెనకదారి నేలనుంచి కప్పుదాకా తాటాకు కట్టలతో కిక్కిరిసి ఉంది. అడవిలో అందరి కాలిముద్రలూ అందులోనే ఉన్నాయి. చివరి కట్ట మీద గోళ్ళ గీతలున్నాయి. నక్కగోళ్ళు. చదవడానికి గీసినవి కావు.

అప్పలరాజు భార్య ఆ కట్టల వంక కాసేపు చూసి, పిల్లలను తీసుకుని కిందికి దిగిపోయింది.

నెలరోజులు అడవి బండరాళ్ళతో బతికింది. పొద్దున లేపేవాళ్ళు లేరు, దారి చెప్పేవాళ్ళు లేరు. బండ జరపడానికి నడుములు పట్టేస్తున్నాయని ముళ్ళపంది ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. నరహరి దగ్గర పనిచేసిన గుమాస్తా నక్కలు ఆ మాట విన్నారు. సంస్థ పేరు 'స్వేచ్ఛానివాసం' అని మార్చారు. గోరువంకకు బదులు రామచిలుకను తెచ్చారు.

"గోరువంక విన్నదంతా చెప్పేస్తుంది. చిలుక అలా కాదు, నేర్పిందే చెబుతుంది. కాబట్టి మీ గుట్టు భద్రం," అన్నారు. అందులో ఏదో తిరకాసు ఉన్నట్టు అనిపించినా ఎవరికీ చప్పున తట్టలేదు. తట్టేలోపు వరస కట్టేశారు.

అదే వారం సభలో నూకాలుకు సన్మానం జరిగింది. తంగేడుపూల దండ వేశారు. గంగులు లేచి నిలబడి ప్రసంగించాడు.

"శ్రీమతి నూకాలమ్మగారు చట్టాన్ని ధిక్కరించి మన ప్రాణాలు కాపాడారు. కాపాడినందుకు ఈ దండ. ధిక్కరించారు గనక మిగిలిన నాలుగు నెలల శిక్ష యథాప్రకారం కొనసాగుతుంది. అంతేకాదు, వారి సేవలకు గుర్తింపుగా ఇంకో బహుమతి కూడా ఉంది. ఇంటికి వెళితే వారికే తెలుస్తుంది."

చప్పట్ల మధ్య వేడి లక్క గిన్నె తెచ్చారు.

దండ మెళ్ళో వేసుకుని, పచ్చిలక్క గోళ్ళతో నూకాలు ఇంటికి వచ్చింది. భుజమ్మీద గోరువంక ఉంది; కొలువు పోయాక దానికి వేరే చోటు లేదు. గుమ్మంలో ఇద్దరూ ఆగిపోయారు. బండరాయి లేదు. కొత్త ముళ్ళ తడక, దానిమీద పచ్చటి రామచిలుక.

"నమస్కారం నూకాలు గారూ! మీ గౌరవార్థం అడవిలో మొదటి తలుపు మీ ఇంటికే బిగించాం. మీరు సన్మానంలో ఉన్నారని అడగలేదు. పాప పైడి లోపల క్షేమంగా ఉంది. లోపలికి రావాలంటే ఒక చిన్న ఒప్పుకోలు. రెండువందల పది ఆకులే."

నూకాలు చిలుక వంక చూసింది. అలగలేదు, అరవలేదు. మెళ్ళో దండ తీసి చిలుక మెడలో వేసి, ఇంటి వెనక్కి నడిచింది.

"అక్కా," అంది గోరువంక ఆమె చెవి దగ్గర, సొంత గొంతుతో, "లక్క ఇంకా ఆరలేదు."

నూకాలు రెండు ముందుకాళ్ళ గోళ్ళూ రాయికేసి గీకడం మొదలుపెట్టింది.

కథ విన్నాక నీతి లేకపోతే కొందరికి తృప్తిగా ఉండదు గనక: ఇతరుల ఇంటికి కన్నం వేస్తే దొంగతనం, తన ఇంటికి తానే వేసుకుంటే నేరం, అడక్కుండా తలుపు బిగించి తాళం తమ దగ్గరుంచుకుంటే సేవ.